చంద్రుడికి నిచ్చెన వేసిన ఊరు

పిల్లలూ! ఈ వ్యాసం చదవబోయే ముందు మీరు చేయవలసిన పని ఒకటున్నది. ఇంట్లో తాతయ్యో, అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే వారి దగ్గరకు వెళ్లి, "స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మీరేం చేశారు?" అని అడిగి రండి. చాలామంది ముందు నవ్వుతారు. తరువాత కథ చెబుతారు.

నా కథ నేను చెబుతాను. అది 1979 జులై నెల. నేను పదో తరగతిలో ఉన్నాను. ఆకాశంలో తిరుగుతున్న స్కైలాబ్ అనే పెద్ద యంత్రం భూమి మీద పడబోతున్నదనీ, ఎక్కడ పడేదీ ఎవరూ కచ్చితంగా చెప్పలేరనీ రేడియోలో విన్నాం. మా ఊళ్లో అప్పులిచ్చినవారు వసూళ్లకు తిరిగారు, పుచ్చుకున్నవారు "ఇంకెందుకు లెండి!" అన్నారు. ఎలాగూ పోతాం గదా అని కోళ్లను కోసుకు తిన్నవారు కూడా ఉన్నారు. జులై 11న అది ముక్కలు ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని ఆ వారం ఇంటిలెక్కలు చేయకుండా వెళ్లిన మేమందరం బెంచీ ఎక్కవలసి వచ్చింది!

స్కైలాబ్ అంటే ఏమిటో చాలాకాలం తరువాత, పంతులునయ్యాక తెలుసుకున్నాను. అది 1973లో ఆకాశంలోకి పంపిన ఒక ఇల్లు. ముగ్గురేసి మనుషులు మూడు దఫాలుగా వెళ్లి, మొత్తం 171 రోజులు అందులో నివసించి పరిశోధనలు చేశారు. దానిని రూపొందించే పనిని నడిపించినది అమెరికాలో హంట్స్‌విల్ అనే నగరంలోని ఒక కేంద్రం. చంద్రుడి మీదికి మనిషిని మోసుకుపోయిన రాకెట్టుకూడా అక్కడిదే.

ఇంతటి పనులు చేసినది ఏ మహానగరమో అనుకునేరు. 1950లో ఆ ఊరి జనాభా 16,437 మాత్రమే! ఆ చిన్న ఊరు చంద్రుడి దాకా ఎలా వెళ్లిందో, వెళుతూ వెళుతూ తన వీధిలోనే ఏ తలుపు తెరవడం మరచిపోయిందో, ఈ వేళ చెప్పుకుందాం.

ఊట దగ్గర ఊరు

అమెరికా పటం తీసుకుని ఆగ్నేయ దిక్కున చూడండి. అలబామా అనే రాష్ట్రం కనిపిస్తుంది. దాని ఉత్తరపు అంచున, టెన్నెసీ నదికి కొద్ది మైళ్ల దూరంలో హంట్స్‌విల్ ఉన్నది. చుట్టూ పచ్చని కొండలు, కింద ఎర్రమన్ను.

ఆ ప్రాంతమంతా చెరొకీ, చికసా అనే తెగలవారిది. 1805, 1806 సంవత్సరాలలో జరిగిన ఒడంబడికలతో అది వారి చేతులు దాటిపోయింది. 1805లో జాన్ హంట్ అనే అతడు అక్కడొక కొండరాతి కింద నుంచి ఉబికి వస్తున్న పెద్ద నీటి ఊట చూసి, దాని పక్కనే కొయ్యలతో ఇల్లు కట్టుకున్నాడు. నీళ్లున్నచోట ఒక ఇల్లు పదిళ్లవుతుంది, పదిళ్లు ఊరవుతుంది. ఇది మన ఊళ్లకూ ఉన్న కథే.

కాని భూమి వేలానికి వచ్చినప్పుడు దానిని కొన్నది హంట్ కాదు, లెరాయ్ పోప్ అనే ధనవంతుడు. ఆయన ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ నివసించిన ట్వికెన్‌హామ్ పేరునే ఈ ఊరికి పెట్టాడు. ఇంగ్లండు మీద అమెరికావారికి కోపంగా ఉన్న రోజులవి. ఆ పేరు ఎవరికీ నచ్చలేదు. 1811లో దానిని తీసివేసి, మొదటి కాపురస్థుడైన హంట్ పేరు మీదనే 'హంట్స్‌విల్' అన్నారు. భూమి పోయినా పేరు నిలిచింది! 1819లో అలబామా రాష్ట్రపు మొదటి రాజ్యాంగాన్ని రాసుకున్నదికూడా ఈ ఊళ్లోనే.

ఆ ఊట నీరు ఊరంతటికీ తాగునీరైంది. 1823లోనే దేవదారు మానులకు బెజ్జాలు తొలిచి, వాటిని గొట్టాలుగా చేసి ఇళ్లకు నీరు పంపే ఏర్పాటు మొదలుపెట్టారు. 1830 ప్రాంతంలో ఊట నుంచి టెన్నెసీ నదిదాకా కాలువ తవ్వి, పత్తి బేళ్లను పడవలమీద దింపేవారు. ఈ నదీమార్గాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. మళ్లీ దీని అవసరం వస్తుంది.

పత్తి రోజులు

ఎర్రనేలలో పత్తి విరగపండింది. అది ఎవరి చేతులతో పండిందో కూడా చెప్పుకోవాలి గదా! ఆఫ్రికానుంచి పట్టి తెచ్చిన నల్లవారి సంతతిని బానిసలుగా కొని, అమ్మి, వారిచేత చేయించిన సేద్యం అది. 1860లో ఆ ఊరున్న మాడిసన్ కౌంటీ జనాభాలో సగానికి పైగా బానిసలే. పత్తి డబ్బుతో కట్టిన తెల్లని స్తంభాల మేడలు ఇప్పటికీ ఊళ్లో కనిపిస్తాయి. వాటిని చూసేవారు కట్టినవారి పేర్లు చదువుతారు. మోసినవారి పేర్లు అక్కడ ఉండవు.

బానిసత్వం విషయమై 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1862 ఏప్రిల్ 11న ఉత్తరాది సైన్యం ఈ ఊరి రైలుస్టేషనును పట్టుకున్నది. దక్షిణాది వారి ముఖ్యమైన రైలుమార్గం ఇక్కడ తెగిపోయింది. 1860లో కట్టిన ఆ స్టేషను ఇప్పటికీ ఉన్నది. ఆ రోజుల్లో సైనికులు మేడమీది గోడలపై గీసిన రాతలుకూడా ఉన్నాయి. గోడల మీద రాయవద్దని నేను జీవితమంతా పిల్లలను కోప్పడ్డాను. ఆ రాతలను మాత్రం అద్దాల చాటున పెట్టదగినవని ఒప్పుకోక తప్పదు!

బానిసత్వం పోయింది. 1892 నుంచి ఊళ్లో పెద్ద పెద్ద నూలుమిల్లులు లేచాయి. మిల్లుచుట్టూ కూలీల ఇళ్లు, ఒక దుకాణం, ఒక బడి. కాని ఆ ఇళ్లలోని పిల్లలు చాలామంది బడికి బదులు మిల్లుకే వెళ్లేవారు. 1910 తరువాత లూయిస్ హైన్ అనే ఛాయాచిత్రకారుడు ఇక్కడి మిల్లులకు వచ్చి ఆ పిల్లల ఫోటోలు తీశాడు. ఆయనకూడా మొదట పంతులే. మీ వయసు పిల్లలు, కాళ్లకు చెప్పులు లేకుండా, ఒంటినిండా దూదినుసితో నిలబడి మనవైపు చూస్తుంటారు. ఇలాంటి ఫోటోలు దేశాన్ని కదిలించాయి. 1938లో వచ్చిన చట్టం పిల్లలను మిల్లుపనిలో పెట్టడాన్ని నిషేధించింది.

1940 నాటికి ఊరి జనాభా 13,000. పత్తి, నూలు, ఇంకొకటి వాటర్‌క్రెస్ అనే ఆకుకూర. చల్లని ఊటనీళ్లలో పెరిగే ఆ కూరకు తామే 'ప్రపంచ రాజధాని' అని ఊరివారు చెప్పుకునేవారు. ఆకుకూరకు రాజధాని అయిన ఊరు రాకెట్టుకు రాజధాని అవుతుందని అప్పుడెవరైనా అంటే నవ్వి ఊరుకునేవారు.

యుద్ధం తెచ్చిన మనుషులు

1941లో అమెరికా ప్రభుత్వం ఊరిపక్కన వేల ఎకరాల భూమి తీసుకుని, విషవాయువులు, ఫిరంగిగుండ్లు తయారుచేసే కర్మాగారాలు కట్టింది. ఎర్రమన్నును బట్టే ఆ సైనికస్థలానికి 'రెడ్‌స్టోన్' అనే పేరు వచ్చింది. అక్కడ సేద్యం చేసుకుంటున్న వందల కుటుంబాలు లేచిపోవలసి వచ్చింది. వారిలో, తాతలు బానిసలుగా ఉండగా, తాము కష్టపడి సొంత భూమి సంపాదించుకున్న నల్ల రైతులు ఎందరో ఉన్నారు.

యుద్ధం ముగిసింది. కర్మాగారాలు మూతపడ్డాయి. ఊరు మళ్లీ పత్తివైపు చూస్తుండగా, 1950లో ఒక కొత్తబృందం దిగింది. వారు సుమారు వందమందికి పైగా జర్మన్ ఇంజనీర్లు. వారి నాయకుడు వెర్నర్ ఫాన్ బ్రౌన్.

ఇక్కడ నేను మీకు నిజం దాచకూడదు. ఫాన్ బ్రౌన్ చిన్ననాటినుంచి ఆకాశయానం గురించి కలలు కన్నాడు. కాని ఆ కల కోసం హిట్లర్ సైన్యానికి వి-2 అనే రాకెట్టు తయారుచేసి ఇచ్చాడు. అది లండను, ఆంట్‌వెర్ప్ నగరాల మీద పడి వేలమందిని చంపింది. దానిని తయారుచేసింది కొండ కింద సొరంగాలలో, మిట్టెల్‌బావ్-డోరా అనే నిర్బంధ శిబిరపు ఖైదీలు. ఆకలితో, దెబ్బలతో, రోగాలతో ఆ శిబిరంలో వేలమంది ప్రాణాలు పోయాయి. యుద్ధం తరువాత అమెరికాకు ఆ ఇంజనీర్ల తెలివి కావలసివచ్చింది. తక్కిన సంగతి చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. తెలివి ఎంత గొప్పదైనా, అది ఎవరి భుజాలమీద నిలబడి పైకి చూస్తున్నదో అడగడం మానకూడదు.

వచ్చినవారు ఊరిలో కలిసిపోయారు. మాంటె సానో అనే కొండమీద ఇళ్లు కట్టుకున్నారు. సంగీత బృందంలో వాయించారు. 1954లో ఒక హైస్కూలు కుర్రవాడు పూనుకోగా, ఊరివారితో కలిసి నక్షత్రాలు చూసే ఒక సంఘం పెట్టి, ఆ కొండమీదనే దూరదర్శినితో వేధశాల కట్టారు. 1958 జనవరి 31న అమెరికా తన మొదటి ఉపగ్రహం 'ఎక్స్‌ప్లోరర్ 1'ను పంపినప్పుడు, దానిని మోసిన రాకెట్టు ఇక్కడివారిదే. ఆ రాత్రి జనం నిద్రమాని కచేరీ చావడి ముందర పండుగ చేసుకున్నారు. 1960 జులై 1న 'మార్షల్ అంతరిక్షయాన కేంద్రం' ప్రారంభమైంది. ఆ ఏటి జనాభా లెక్కల్లో ఊరివారి సంఖ్య 72,365. పదేళ్లలో నాలుగు రెట్లు దాటింది!

కిరసనాయిలుతో ఆకాశానికి

మీరు దీపావళికి తారాజువ్వ కాల్చారు గదా. మందు మండి వాయువు కిందికి దూకుతుంది, జువ్వ పైకి లేస్తుంది. రాకెట్టు సూత్రం అంతే. మరి చంద్రుడి దాకా పోవలసిన జువ్వ ఎంత ఉండాలి?

దాని పేరు 'శాటర్న్ 5'. ఎత్తు 363 అడుగులు, అంటే సుమారు 36 అంతస్తుల మేడ! మూడు అంచెలుగా ఉంటుంది. మొదటి అంచెలో అయిదు పెద్ద ఇంజన్లు. అవి కాల్చేది ఏమిటో తెలుసా? బాగా శుద్ధిచేసిన కిరసనాయిలు! మీ నాయనమ్మ లాంతరులో పోసిన నూనెకు దగ్గర చుట్టం. లాంతరుకు ఆమ్లజని చుట్టూ ఉన్న గాలిలో దొరుకుతుంది. పైన గాలి లేదు. అందుకని రాకెట్టు తన ఆమ్లజనిని తనే మోసుకుపోవాలి. వాయువుగా అయితే ఎంత తొట్టి అయినా చాలదు. కాబట్టి దానిని సున్నాకు దిగువ 183 డిగ్రీల దాకా చల్లార్చి, ద్రవంగా మార్చి నింపుతారు. అయిదు ఇంజన్లూ కలిసి సెకనుకు సుమారు 13 టన్నుల ఇంధనాన్నీ ఆమ్లజనినీ మింగుతాయి. రెండున్నర నిమిషాల్లో తొట్లు ఖాళీ! ఖాళీతొట్టిని ఇంకా మోయడం దేనికి? అది విడిపోయి సముద్రంలో పడుతుంది, రెండో అంచె అంటుకుంటుంది.

1965 ఏప్రిల్ 16న ఆ అయిదు ఇంజన్లనూ హంట్స్‌విల్‌లో ఒకేసారి మండించి చూశారు. రాకెట్టు లేచిపోకుండా మహాకాయమైన కట్టడానికి బిగించి పరీక్షించారు. ఇలాంటి పరీక్షలు జరిగిన రోజుల్లో ఊళ్లో కిటికీలు గడగడలాడేవి, అలమరల్లో గిన్నెలు మోగేవి.

తయారైతే సరా? సముద్రపుటొడ్డున ఉన్న ప్రయోగకేంద్రానికి చేర్చవద్దా? మొదటి అంచె అడ్డుకొలత 33 అడుగులు. ఏ రైలుమీదా పట్టదు, ఏ సొరంగంలోనూ దూరదు. అప్పుడు ఊరివారికి తమ పాత నది అక్కరకు వచ్చింది. పెద్ద పడవమీద టెన్నెసీ నదిలో, అక్కడి నుంచి ఒహాయో నదిలో, తరువాత మిసిసిపీలో దిగి, సముద్రంలో ఫ్లారిడాను చుట్టి తీసుకుపోయారు. పత్తి బేళ్లు న్యూ ఆర్లియన్స్‌కు పోయిన దారినే రాకెట్లూ పోయాయి!

1969 జులైలో ఆ రాకెట్టు మీదనే ముగ్గురు బయలుదేరారు. ఇద్దరు చంద్రుడి మీద నడిచారు. 24వ తేదీన ముగ్గురూ క్షేమంగా సముద్రంలో దిగినప్పుడు హంట్స్‌విల్ వీధులు జనంతో నిండిపోయాయి. ఫాన్ బ్రౌన్‌ను భుజాలమీద ఎత్తుకున్నారు.

తెరవని బడి

ఇప్పుడు ఆరేళ్లు వెనక్కు రండి. ఇది 1963 సంవత్సరం. నేను పుట్టిన ఏడు అది.

చంద్రుడికి దారి వేస్తున్న ఆ ఊళ్లో, నల్లపిల్లలకు వేరే బడి, తెల్లపిల్లలకు వేరే బడి. ఫలహారశాలలో నల్లవారు కూర్చుని కాఫీ తాగడానికి వీలులేదు. అలా వేరుచేసి చదివించడం తప్పని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తీర్పుచెప్పింది. అయినా అలబామాలో ఒక్క బడి కూడా తలుపు తీయలేదు.

సానీ హియర్‌ఫోర్డ్ అనే నల్లజాతి డాక్టరు ఆ ఊళ్లో పుట్టిపెరిగినవాడు. ఆయన చదివిన బడి నగరపు చెత్తదిబ్బ పక్కన ఉండేది. 1962లో విద్యార్థులు ఫలహారశాలల్లో మౌనంగా కూర్చుని సత్యాగ్రహం చేసినప్పుడు, ఆయన వారికి అండగా నిలిచాడు. ఆయన భార్య గర్భిణిగా ఉండికూడా జైలుకు వెళ్లింది. ఆ ఏడు ఈస్టరు పండుగకు నల్లవారెవరూ అంగళ్లలో కొత్తబట్టలు కొనలేదు. మోటు జీన్సుగుడ్డలు తొడుక్కుని ప్రార్థనకు వెళ్లారు. అంగళ్లవారు దారికి వచ్చారు. రాకెట్టు పనులకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆగిపోతుందేమోనన్న భయంకూడా పెద్దమనుషులను తొందరపెట్టింది. ఆ వేసవిలో ఫలహారశాలలు అందరివీ అయ్యాయి.

తరువాత బడి. డాక్టరుగారి కొడుకుకు ఆరేళ్లు. తండ్రి పేరే అతనికీ పెట్టారు. కోర్టు అనుమతి వచ్చింది. 1963 సెప్టెంబరు 3న తండ్రి, కొడుకు చేయి పట్టుకుని బడికి నడిచి వెళ్లాడు. బడి మూసి ఉన్నది! రాష్ట్ర గవర్నరు జార్జి వాలెస్ తెరవనివ్వలేదు. చుట్టూ జనం కేకలు వేస్తున్నారు. తండ్రీకొడుకులు వెనక్కు తిరిగి నడిచివచ్చారు. ఆ చేయి పట్టుకున్న ఫోటో ఇప్పటికీ ఉన్నది.

నలభై ఏళ్లపాటు నేను బడిగేటు దగ్గర నిలబడి పిల్లలను లోపలికి రమ్మన్నవాణ్ణి. మొదటిరోజు ఏడ్చేవారిని ఎత్తుకుని తెచ్చినవాణ్ణి. కొత్తబట్టలు వేసుకుని, పలక పట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి గేటు దగ్గరనుంచి వెనక్కు పంపడం ఎలా ఉంటుందో తలచుకుంటే నాకు మాట రాదు.

వారు మానలేదు. సెప్టెంబరు 9న మళ్లీ వెళ్లారు. ఈసారి తలుపు తెరుచుకున్నది. ఆ పిల్లవాడు లోపలికి వెళ్లి కూర్చున్నాడు. అదేరోజు ఊళ్లోని వేరే మూడు బడులలో మరి ముగ్గురు పిల్లలు చేరారు. అలబామా రాష్ట్రంలో తెల్లపిల్లలతో కలిసి ప్రభుత్వబడిలో చేరిన మొదటి నల్లపిల్లవాడు సానీయే. ఆరేళ్లవాడు నడిచిన ఆ నాలుగు వీధులూ నాకు చంద్రుడి దారికంటె చిన్నవిగా కనిపించవు.

పని పోయినప్పుడు

చంద్రయాత్రలు ముగిశాక ప్రభుత్వం డబ్బు తగ్గించింది. వేలమందికి ఉద్యోగాలు పోయాయి. ఒకే పంట వేసిన రైతుకు వాన తప్పితే ఏమవుతుంది? పత్తి ధర పడినప్పుడు ఊరికి ఆ పాఠం ఒకసారి తెలిసింది. ఈసారి ముందుచూపు కొంత ఉన్నది. 1961లోనే ఫాన్ బ్రౌన్ రాష్ట్ర శాసనసభకు వెళ్లి, పరిశోధనాలయం కట్టడానికి డబ్బు అడిగి సాధించాడు. 1962లో పరిశోధన సంస్థలకోసం ఊరిచివర పెద్ద స్థలం కేటాయించారు. విశ్వవిద్యాలయం పెరిగింది. రాకెట్టు తెలిసిన చేతులు వేరే పనులు నేర్చుకున్నాయి.

ఆ పనుల్లో ఒకటి మనకు దగ్గరిది. 1999 జులైలో ఆకాశంలోకి పంపిన ఎక్స్‌కిరణాల దూరదర్శినికి 'చంద్ర' అని పేరు. మన దేశంలో చదివి, అమెరికాలో స్థిరపడి, 1983లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు అది. దాని నిర్మాణాన్ని నడిపించినది మార్షల్ కేంద్రమే. దాని అద్దాలను పరీక్షించినదికూడా హంట్స్‌విల్‌లోనే.

అక్కడి అంతరిక్ష ప్రదర్శనశాలలో శాటర్న్ 5ను చూడవచ్చు. దాని ఆవరణలోనే ఒక చిన్న సమాధి ఉన్నది. 1959లో రాకెట్టులో ఆకాశానికి వెళ్లి ప్రాణాలతో తిరిగివచ్చిన 'మిస్ బేకర్' అనే కోతిది అది. ఆ బుల్లి కోతి 1984 దాకా బతికింది. చూడవచ్చిన పిల్లలు ఆ సమాధిమీద అరటిపండు పెట్టి వెళుతుంటారు!

2020 జనాభా లెక్కల్లో హంట్స్‌విల్‌లో 2,15,006 మంది తేలారు. బర్మింగ్‌హామ్‌ను దాటి అలబామాలోకెల్లా పెద్ద నగరమైంది. పాత మిల్లు ఒకదానిలో ఇప్పుడు చిత్రకారులు బొమ్మలు వేసుకుంటున్నారు. ఊట ఇంకా పారుతూనే ఉన్నది. దాని చుట్టూ తోట వేశారు. 2016లో ఆ నగరంలో ఒక కొత్త ప్రాథమిక పాఠశాల తెరిచారు. దానికి డాక్టర్ హియర్‌ఫోర్డ్ పేరు పెట్టారు. గేటు దగ్గరనుంచి వెనక్కు పంపిన ఊరే, గేటుమీద ఆయన పేరు రాసింది!

పిల్లలూ! ఊరు పెరగడమంటే ఇళ్లు పెరగడం, జనం పెరగడం అని మనం అనుకుంటాం. అవి ఊటవల్లనో, పంటవల్లనో, యంత్రంవల్లనో వస్తాయి, పోతాయి. ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని బయట నిలబెట్టింది, తప్పు తెలిశాక తలుపు తీసిందా లేదా అన్నదే ఊరికి అసలు కొలత.

ఇక మీకు ఇంటిపని. మీ ఊరు మొదట ఏ నీటి పక్కన పుట్టిందో పెద్దలను అడగండి. మీ తాతల రోజుల్లో మీ బడిలోకి ఎవరు రాకూడదనేవారో అడగండి. ఎవరు మొదట లోపలికి నడిచారో, ఎవరు వారి చేయి పట్టుకున్నారో కనుక్కోండి. వారి పేర్లు మీ నోటుపుస్తకంలో రాసి దాచండి.

ఈ ఇంటిపని చేయనివారికి బెంచీ లేదు లెండి. కాని చేసినవారు నాకంటె మంచి కథ తెచ్చుకుంటారు.